కాంటా మీది పిల్ల మొహంలో భయం ఎవరిది?

సంపాదకుడు గారికి,

మేడారం జాతర ముగిసింది, జనం ఇండ్లకు చేరారు. మీ జిల్లా పేజీలో వచ్చిన కాంటా మీది పిల్ల ఫొటో పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు. నిలువెత్తు బంగారానికి, అంటే మొక్కుకున్న బెల్లానికి తూకం వేస్తున్న నాలుగైదేండ్ల పిల్ల మొహం, దాని కింద ‘బిక్కుబిక్కుమంటూ తులాభారం’ అని క్యాప్షన్. ఇక వరుసగా ఉత్తరాలు. ఒకరికి ఆ మొహంలో బుగులు కనిపించింది, ఇంకొకరికి అలక, మరొకరికి ఏకంగా అమ్మవార్ల మహిమ. ఇది పిల్లల మీద హింస అని ఒకాయన రాయడం, దాన్ని పట్టుకుని విచారణ జరిపిస్తామని ఓ అధికారి ప్రకటించడం కూడా అయిపోయాయి. దేని మీద విచారణ? కనుబొమ్మల మీదా?

ఆ పేజీ మళ్లీ బయటికి తీసి చూడండి. ముక్కు నీడ పైపెదవి మీద పడింది. అంటే పొద్దు నడినెత్తికి దగ్గర్లో, కాస్త ముందువైపు ఉంది. కనుబొమ్మలు కిందికి దిగి దగ్గరకొచ్చాయి, కింది రెప్పలు పైకి లేచాయి, ఒక కన్ను రెండోదానికంటే ఎక్కువ మూసుకుంది. ఎండ కళ్లలో కొడితే ఏ మనిషి మొహమైనా ఇట్లనే అవుతుంది. భయపడ్డ మొహం తీరు వేరు. కనుబొమ్మలు పైకి లేస్తాయి, పైరెప్పలు విచ్చుకుని నల్లగుడ్డుకు పైన తెల్లగుడ్డు బయటపడుతుంది, పెదవుల కొసలు పక్కలకు లాగుకుంటాయి. వీటిలో ఒక్కటీ ఆ బొమ్మలో లేదు. అలాగని పిల్ల సంబరంగా ఉందని నేను వాదించడం లేదు. ఎండకు ముడుచుకున్న మొహం వెనక ఏముందో ఆ ఒక్క ఫ్రేమ్‌తో తేలదు.

మరి ఒకే ఫొటో చూసి ఇంతమంది ఇన్ని రకాలుగా ఎట్ల చెప్పారు? మొదటి కారణం మీ ముద్రణే. నడినెత్తి ఎండలో కళ్ల గుంటల్లో నీడ పడుతుంది, కంట్లో మెరిసే తెల్లచుక్క మాయమవుతుంది. ఆ చుక్క లేని కన్ను ఎవరిదైనా దిగులుగానే కనిపిస్తుంది. పైగా న్యూస్‌ప్రింట్ ఇంకును పీల్చుకుంటుంది. ఫొటోను చుక్కలుగా మార్చి, అంగుళానికి 85 నుంచి 100 చుక్కల వరుసల స్క్రీన్‌తో అచ్చువేసే ఆ కాగితం మీద సగం నలుపు పడాల్సిన చోట దాదాపు ముప్పావు వంతు పడుతుంది. అందుకే ఫోన్‌లో ఈ-పేపర్ చూసినవాళ్లకు ఆ పిల్ల మొండిగా కనిపించింది, కాగితం మీద చూసినవాళ్లకు కళ్ల కింద నల్లటి గుంటలతో ఏడ్చి అలసిపోయినట్టు కనిపించింది. ప్లేటుకు పంపే ముందు మొహంలోని నీడల్ని కాస్త తేల్చే ఓపిక డెస్కులో ఎవరికైనా ఉంటే ఈ ఉత్తరాల్లో సగం వచ్చేవి కావు.

రెండోది కత్తెర. ఫొటో ఎడమ అంచున గాజుల చెయ్యి ఒకటి మణికట్టు దగ్గర తెగిపోయి ఉంది. అది తల్లిదో అమ్మమ్మదో గానీ పిల్ల భుజాన్ని పట్టుకున్న చెయ్యి. పేజీలో రెండు కాలమ్‌ల వెడల్పులో ఇమడాలని ఆ మనిషిని కోసేశారు. రెండో పళ్లెంలో పేర్చిన బెల్లం ముద్దల్నీ కోసేశారు. పూర్తి ఫ్రేమ్‌లో అది ఒక ఇంటి మొక్కు. కోశాక మిగిలింది ఇనుప గొలుసుల నడుమ ఒంటరి పిల్ల. కింద బిక్కుబిక్కుమంటూ అని రాస్తే చదివినవాడికి ఇంకేం కనిపిస్తుంది?

క్షణం సంగతి కూడా ఉంది. పిల్లల మొహం రెప్పపాటులో నాలుగు తీర్ల మారుతుంది. పడీపడీ నవ్వినా, గుక్కపట్టి ఏడ్చినా కళ్లు మూసుకుని నోరు తెరుచుకోవడమే. విపరీతంగా నవ్వాక కన్నీళ్లతో తడిసిన మొహానికీ, వెక్కి వెక్కి ఏడ్చాక ఉండే మొహానికీ తేడా చెప్పడం కష్టమని డార్విన్ 1872 నాటి పుస్తకంలోనే రాశాడు. 1962లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డయాన్ ఆర్బస్ తీసిన, చేతిలో ఆట గ్రెనేడు పట్టుకున్న పిల్లవాడి ఫొటో చూసి లోకం జడుసుకుంది. అదే రీలులోని మిగతా ఫ్రేముల్లో వాడు నడుం మీద చేతులు పెట్టుకుని మామూలు పిల్లల్లాగే నవ్వుతున్నాడు. ఆమె ఎంచుకున్నది వాడు విసిగిపోయి మొహం వికారంగా పెట్టిన ఫ్రేమ్. 1984లో ఇంకో అమెరికన్ ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెకరీ తీసిన అఫ్గాన్ శరణార్థి బాలిక కళ్లలో జనం భయం, యుద్ధం, దైన్యం ఎన్నో చదివారు. 2002లో ఆమె మళ్లీ దొరికినప్పుడు గుర్తుచేసుకున్నది ఎవరో పరాయి మనిషి తన ఫొటో తీస్తుంటే వచ్చిన కోపాన్ని.

మన దగ్గర తీసేవాళ్ల తప్పూ చిన్నది కాదు. మూడడుగుల పిల్లను నిలబడి పైనుంచి ఫోన్‌తో, అదీ అడుగున్నర దూరం నుంచి తీస్తే నుదురు పెద్దదై గడ్డం చిన్నదవుతుంది, రాకుమారి కూడా దిక్కులేని పిల్లలా కనిపిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను పిల్ల కళ్ల ఎత్తుకు దించాలి. ఆరేడు అడుగులు వెనక్కి జరిగి 85 ఎంఎం లెన్స్ వాడాలి, ఫోనైతే రెండింతల జూమ్. షట్టర్ తెరుచుకునే సమయం సెకనులో 250వ వంతుకు మించొద్దు. ఎండ నుంచి నీడ అంచుకు జరపాలి, కానీ నీలం పట్టా కిందికి మాత్రం వద్దు, ఒళ్లంతా పాలిపోయి రోగిష్టిలా పడుతుంది. రొమ్ము ఎత్తుకు దిగువన రెండడుగుల థర్మాకోల్ షీట్ పట్టుకుంటే కంట్లో చుక్క తిరిగొస్తుంది. తల్లిని కెమెరా పక్కనే నిలబెట్టాలి. ఇవన్నీ జాతర రద్దీలో కుదరవంటారా, అప్పుడు కనీసం క్యాప్షన్‌లో మనోభావాలు రాయకండి.

ఇక అసలు మంట. బడి తెరిచిన రోజు నోటుపుస్తకాల పంపిణీ ఫొటోలు చూడండి. పొద్దు ఫొటోగ్రాఫర్ వీపు వెనక ఉండాలన్న బాక్స్ కెమెరా కాలం నాటి సూత్రంతో పిల్లల్ని ఎండకు ఎదురుగా వరుసలో నిలబెడతారు. పంపిణీ చేసే సారు వచ్చేదాకా గంటల తరబడి అట్లనే. అందరి మొహాలూ చిట్లించుకునే ఉంటాయి, అచ్చం ఆ కాంటా మీది పిల్లలాగే. మీ క్యాప్షన్ మాత్రం ‘ఆనందోత్సాహాలతో విద్యార్థులు’! అదే ముడుచుకున్న మొహం జాతరలో భయం, సారు పక్కన ఆనందం. మరునాటికి అది ఫ్లెక్సీ ఎక్కి చౌరస్తాలో వేలాడుతుంది. ఆ పిల్లల తల్లిదండ్రుల్ని అడిగిందెవరు? దీని మీద ఏ అధికారీ విచారణ ప్రకటించగా చూడలేదు.

హాస్టల్లో అన్నం వికటించినప్పుడో, బాలకార్మికుల్ని విడిపించినప్పుడో వచ్చే బొమ్మలు మరీ ఘోరం. బాలల న్యాయ చట్టం 2015, సెక్షన్ 74 ప్రకారం బాధిత బాలలు, రక్షణ అవసరమైన బాలలు, చట్టంతో విభేదించిన (అంటే నేరారోపణ ఉన్న) బాలల ఫొటోనే కాదు, పేరు, ఊరు, బడి, గుర్తుపట్టే ఏ వివరమూ అచ్చువేయకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కళ్ల మీద నల్లపట్టీ గీసి, పక్కనే తండ్రి పేరు, ఊరి పేరు వేసేవాళ్లు ఎవరి కళ్లు కప్పుతున్నట్టు? పైగా ఆ పట్టీతో పాపం దెబ్బతిన్న పిల్ల దొంగలా కనిపిస్తుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. పిల్లల ఫొటో కింద ఎక్కడ, ఏ పూట, ఏం జరుగుతుండగా తీశారో రాయండి. తీసినవారి పేరు వేయండి, ఆ కాంటా ఫొటోకు అదీ లేదు. బిక్కుబిక్కు, కేరింత, దైన్యం లాంటి మాటల్ని పాఠకుడికి వదిలేయండి. ఆ ఫొటో తీసిన విలేకరి దగ్గర మిగతా ఫ్రేములు ఉండే ఉంటాయి. పిల్ల తల్లిదండ్రులు సరేనంటే, వాటిలో రెండు మూడింటిని కత్తెర వేయకుండా, గాజుల చేతితో సహా, నాలుగు కాలమ్‌ల వెడల్పులో వేయండి. వాళ్లు వద్దంటే ఈ ఉత్తరం కింద కూడా ఆ బొమ్మ మళ్లీ పెట్టకండి.

– ఒక పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్, హన్మకొండ