నరం కుండ కాదు, చెలమ

సంపాదకుడు గారికి,

ఒత్తిడి ఎక్కువైతే నరాల్లో సంకేతాలు మోసే రసాయనాలు ఖర్చయిపోతాయనీ, టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న తిండితో మళ్లీ నింపుకోవాలనీ మీ ఆరోగ్యం పేజీలో రాశారు. నరం నీళ్లు నింపిపెట్టిన కుండ కాదు, తోడేకొద్దీ ఊరే చెలమ.

టైరోసిన్ డోపాగా, డోపా డోపమైన్‌గా, అది నార్అడ్రినలిన్‌గా మారుతుంది. చివరి రెండూ మీరన్న రసాయనాలే. వీటిలో నత్తనడక మొదటి మెట్టుదే. దాన్ని నడిపే ఎంజైము టైరోసిన్ హైడ్రాక్సిలేజ్, 1964లో బయటపడింది. నరం ఊరికే ఉన్నప్పుడు లోపల పోగైన నార్అడ్రినలిన్ ఈ ఎంజైము నోరు నొక్కేస్తుంది. నరం మోగగానే, అంటే సంకేతం పంపగానే, కాల్షియం లోపలికి వస్తుంది, ఎంజైముకు ఫాస్ఫేటు తగులుకుంటుంది, ఆ పట్టు సడలుతుంది. ఇదంతా నిమిషాల్లో జరిగేది. కొత్త ఎంజైము అక్కర్లేదు.

గినీపిగ్ శుక్రవాహికను దాని నరంతో సహా వేరుచేసి 1960లలోనే దీన్ని చూపారు. ఒక పక్క నరానికి విద్యుత్తు ఇస్తారు, రెండో పక్కది పోలిక కోసం వదిలేస్తారు. రేడియోధార్మిక టైరోసిన్ వేస్తే, విద్యుత్తు ఇచ్చిన పక్క కొత్త నార్అడ్రినలిన్ ఎక్కువగా తయారవుతుంది. టైరోసిన్ బదులు డోపా వేస్తే మాత్రం తేడా రాదు. అంటే నరం వేగం పెంచేది ఆ మొదటి మెట్టునే. మొత్తం నిల్వను మాత్రమే కొలిచేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. పోయినంతా తయారవుతుంటుంది కాబట్టి నిల్వలో మార్పు కనబడదు. కొలవాల్సింది తయారీ వేగాన్ని.

మోత రోజుల తరబడి సాగితే సంగతి వేరు, ఎంజైమే పెరుగుతుంది. 1969లో థోనెన్, ముల్లర్, ఆక్సెల్‌రాడ్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు రెసర్పిన్ ఇచ్చారు. మన సర్పగంధి వేరులో ఉన్న మందే అది. రెసర్పిన్ నార్అడ్రినలిన్‌ను నరంలో నిలవనివ్వదు. ఆ లోటుకు సింపథెటిక్ నరాలు (ఒత్తిడిలో ఒంటిని సిద్ధం చేసేవి) మరింత జోరుగా మోగుతాయి. కొద్ది రోజుల్లో అడ్రినల్ గ్రంథిలో, మెడలోని గాంగ్లియాన్ అనే నరకణాల ముడిలో ఎంజైము బాగా పెరిగింది. అక్కడికి వచ్చే నరాన్ని ముందే కోసేసిన పక్క, అదే మందు అందినా, పెరగలేదు. పెంచింది మందు కాదు, నరం మోత. ప్రోటీన్ తయారీని ఆపే మందులిస్తే కూడా ఈ పెరుగుదల ఆగిపోతుంది.

తిండి మాటకొస్తే, మామూలు భోజనంతోనే ఆ ఎంజైముకు దాదాపు సరిపడా టైరోసిన్ అందుతుంది. విపరీతంగా మోగే నరాల్లో అదనపు టైరోసిన్ కొంత పనిచేయొచ్చు, అంతే. మెదడులో డోపమైన్ తగ్గిన పార్కిన్సన్స్ రోగులకు టైరోసిన్ కాకుండా, ఆ ఇరుకు మెట్టును దాటేసే లెవోడోపా (పైన చెప్పిన డోపాయే) ఇచ్చేదీ ఇందుకే.

– ఫిజియాలజీ అధ్యాపకులు, విశాఖపట్నం