కార్యదర్శి వార్షిక నివేదిక: రేవులో పోటు బోర్డు, మొగ దాటే జాగ్రత్తలు

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి వచ్చిన బోటు యజమానులకు, బోటు నడిపే సరంగులకు, కలాసీలకు నమస్కారాలు.

ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని కాకినాడ రేవులో పెట్టిన పోటు బోర్డు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే పట్టిక చూసి, ఆ రోజు పోటు (సముద్రపు నీరు ఎక్కడం) ఎప్పుడు, పాటు (నీరు తీయడం) ఎప్పుడు అన్నది తెల్లారేసరికి సుద్దముక్కతో రాస్తున్నాం. దాని కిందే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వారు చెప్పే అలల ఎత్తు, గాలి, ప్రవాహం దిశ ఉంటాయి. జెట్టీ స్తంభానికి సెంటీమీటర్ల స్కేలు కూడా బిగించాం. దానికి పట్టిన గుల్లలు గీకి, అంకెలకు మళ్ళీ రంగు వేసిన కుర్రాళ్ళకు, గీతలు కొలిచి పెట్టిన మాస్టారికి సంఘం ఎంతో రుణపడి ఉంది.

పట్టిక ఉండగా స్కేలు దేనికని కొందరు అడిగారు. పట్టిక సూర్యచంద్రుల లెక్క చెబుతుంది. వాయుగుండం పట్టినా, గాలి ఒడ్డుకు గట్టిగా తోసినా నీరు ఆ లెక్క దాటి ఎక్కుతుంది. ఆ తేడా స్కేలు మీదే కనపడుతుంది.

గోదావరికి వరదొచ్చినప్పుడు భైరవపాలెం మొగలో, అంటే నది సముద్రంలో కలిసే చోట, పాటు లాగుడు మనందరికీ తెలుసు. బయటికి దూసుకొచ్చే నీటికి సముద్రపు అల ఎదురైతే నిలువుగా లేచి విరుగుతుంది. బోటు అడ్డం తిరిగేది అక్కడే. అందుకే జూన్ 14తో వేట నిషేధం ముగిశాక మన బోట్లు పోటీ పడకుండా, బోర్డు చూసుకుని, పోటు ఎక్కేదాకా ఆగి వరసగా మొగ దాటాయి. ఒక్క బోటూ ఇసుక మేట మీద కూర్చోలేదు. అష్టమి, నవమి దాటాక వచ్చే చిన్న పోటుకు పెద్ద బోట్లు ఎక్కడ తగులుతాయో దగ్గరుండి చూపించిన పెద్ద సరంగులకు చేతులెత్తి దండం.

ఇంకో మాట. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట నీరు ఈశాన్యానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతికి నడుస్తుంది. ఇంజన్ ఆగితే కోస్ట్‌గార్డు నంబరు 1554కి ఫోన్ చేసి, ఆగిన చోటుతో పాటు గాలి, నీరు ఎటు లాగుతున్నాయో కూడా చెప్పండి. వెతికేవాళ్ళకు అదే ఆధారం.

మొగలో మేట తవ్వించమని, దారి చూపేందుకు నీటిపై తేలే దీపం బోయా ఆరిపోతే బాగుచేయించమని ఇచ్చిన అర్జీలకు జవాబు లేదు. ఎప్పుడు వెళ్ళినా ఆఫీసులో ఫైలు నడుస్తోందంటారు. చీకట్లో తిరిగొచ్చే సరంగు టెన్షన్ ఆ గదిలో కూర్చుంటే తెలియదు. మనవాళ్ళనూ అడగాల్సి వస్తోంది: బోర్డు డ్యూటీకి పేర్లిచ్చిన వాళ్ళలో చాలామంది సంక్రాంతి తర్వాత కనపడలేదు. ఆ భారమంతా ఇద్దరు ముగ్గురి మీద పడింది.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కోశాధికారి గారు చదువుతారు. చందా బకాయిలు ఈ నెలలోనే కట్టాలి. వచ్చే ఏడాది బోర్డు డ్యూటీకి వంతుల పుస్తకం ఈ బల్ల మీదే ఉంది, వెళ్ళేముందు పేర్లు రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి