విమానాలు ఏ ఊళ్ళ మీదుగా పోతాయో ముందు చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో భోగాపురం విమానాశ్రయం మీద వచ్చిన కథనం చదివినప్పటి నుంచి ఈ ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. షిఫ్టుల వల్ల ఇప్పటికి కుదిరింది. 3.8 కిలోమీటర్ల రన్‌వే గురించి రాశారు, మొదటి దశలోనే ఏడాదికి 60 లక్షల మంది ప్రయాణికులని రాశారు, టెర్మినల్ ఫొటోలు వేశారు. ఆ విమానాలు దిగేటప్పుడూ లేచేటప్పుడూ ఏ ఊళ్ళ మీదుగా, ఎంత ఎత్తులో, ఏ వేళల్లో పోతాయో మాత్రం ఒక్క ముక్క లేదు. మా మండలంలో ఎవరిని అడిగినా తెలియదంటున్నారు.

నేను విమానాశ్రయానికి వ్యతిరేకిని కాను. 2026 జనవరి 4న ట్రయల్ విమానం దిగినప్పుడు మా వీధి వీధంతా డాబాలెక్కి చూసింది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకున్న విమానాశ్రయం మన గడ్డ మీద వెలిసిందంటే మాకూ గర్వమే. దీనికోసం ఇక్కడి జనం ఎంత ఓపిక పట్టారో అందరికీ తెలుసు. 2015లో 15 వేల ఎకరాలన్నారు. అది తగ్గి తగ్గి 2,700 ఎకరాల దగ్గర ఆగింది. 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన చేశారు. మరడపాలెం, బొల్లింకలపాలెం లాంటి ఊళ్ళవాళ్ళు ఇల్లూ వాకిలీ వదులుకుని పునరావాస కాలనీలకు వెళ్ళారు. జీడితోటలు పోయాయి, కొబ్బరిచెట్లు పోయాయి. ఇన్ని ఇచ్చినవాళ్ళం ఒక మ్యాప్ అడుగుతున్నాం.

ట్రయల్ విమానం వచ్చిన రోజు నేను నైట్ డ్యూటీ దిగి పడుకుని ఉన్నాను. మాది సిమెంటు రేకుల ఇల్లు. ముందు దూరంగా ఉరుములా మొదలైంది. దగ్గరకొచ్చేసరికి రేకుల బోల్టులు టకటకమని కొట్టుకోవడం మొదలెట్టాయి. చీర ఉయ్యాల్లో పడుకున్న మా చెల్లెలి పాప ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది. మళ్ళీ నిద్రపుచ్చేసరికి అరగంట పట్టింది. ఆ రోజు ఒక్కటే కాబట్టి అందరికీ సంబరంగా ఉంది. రేపు రోజుకు యాభై తిరిగితే?

అనుమానం తీర్చుకుందామని ఒక ఆఫీసుకు వెళ్ళాను. ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడికి వెళ్తే అది ఢిల్లీ విషయమన్నారు. మూడోచోట ఒకాయన "విమానం ఆకాశంలో పోతుంది, మీకేం అడ్డం బాబూ" అన్నాడు. ఒక పూట జీతం పోగొట్టుకుని వెళ్ళినవాడికి చెప్పాల్సిన మాటేనా అది? భూమి తీసుకునేటప్పుడు సర్వే నంబరుతో సహా మా గుమ్మంలోకి వచ్చినవాళ్ళకు, మేం ఒక కాగితం అడిగితే మాత్రం తీరిక దొరకడం లేదు.

ఇది తెలియని సంగతి కాదు, చెప్పలేని సంగతీ కాదు. దిగే విమానం మామూలుగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. అంటే రన్‌వేకి ఐదు కిలోమీటర్ల దూరంలో దాని ఎత్తు 260 మీటర్లే, పది కిలోమీటర్ల దూరంలో 520. ఆ చివరి కిలోమీటర్లు తిన్నగా రావాల్సిందే, పైలట్ పక్కకు తప్పించలేడు. కాబట్టి రన్‌వే వేసిన రోజే ఆ గీత కింద ఏ ఊళ్ళున్నాయో తేలిపోయింది. విమానాలు గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగా దిగుతాయి. నైరుతి గాలి వీచే నెలల్లో ఒక వైపు ఊళ్ళకు, ఈశాన్య గాలి తిరిగాక రెండో వైపు ఊళ్ళకు మోత మారుతుంది. లేచే విమానం దిగే విమానంలా కాదు. కొంత ఎత్తు ఎక్కాక దాన్ని తిప్పవచ్చు. పక్కనే సముద్రం పెట్టుకుని రాత్రిపూట లేచే విమానాలను వీలైనంత వరకు నీళ్ళ మీదుగా పంపే ఆలోచన చేశారా లేదా? ఇంజన్ మోత తగ్గేలా పైకి ఎక్కే పద్ధతులు, మధ్యలో ఆగకుండా జారుతున్నట్టు దిగే పద్ధతి ప్రపంచమంతా వాడుతున్నవే. ఇక్కడ ఏవి అమలు చేస్తారో చెబితే చాలు.

మోత కొలిచే డెసిబెల్స్ లెక్క కూడా చెప్పాలి. మన దేశంలో మామూలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 పరిమితి. విమానాశ్రయాల చుట్టూ ఉండే నాయిస్ జోన్‌కు 2018లో కేంద్ర పర్యావరణ శాఖ వేరే పరిమితులు పెట్టింది. ఏడాదికి 50 వేలకు మించి విమానాలు తిరిగే చోట పగలు 70, రాత్రి 65. మిగతా చోట్ల పగలు 65, రాత్రి 60. అదైనా సగటు. ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు, నేను కూర్చుని లెక్క వేశాం. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఆరు విమానాలు, ఒక్కొక్కటి అర నిమిషం పాటు 75 డెసిబెల్స్ మోతతో ఇంటి మీదుగా పోయాయనుకోండి. మొత్తం మూడు నిమిషాలు. ఎనిమిది గంటలకు సగటు తీస్తే 53 దగ్గర తేలుతుంది. కాగితం మీద అంతా సవ్యంగా ఉన్నట్టే! ఆ ఇంట్లో మనిషి మాత్రం ఆరుసార్లు లేచి కూర్చున్నాడు. అందుకే సగటు ఒక్కటీ చెప్పి ఊరుకోవద్దు, ఒక్కో విమానం మోత ఎంతో కూడా చెప్పండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో విమానాల రాత్రి మోత 40 దాటకూడదని సూచించింది. మన 60కీ దానికీ ఎంత తేడా ఉందో చూడండి.

పైగా రాత్రి అంటే పది నుంచి ఆరు దాకానే అని ఎవరు రాశారోగాని, మాలాంటివాళ్ళను చూసి రాయలేదు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళలో చాలామంది ఉన్నారు. పొద్దున్న కంపెనీ బస్సు దిగి, ఇంత తిని, తొమ్మిదికి పడుకుంటాం. మా రాత్రి అది. నిద్ర చాలకుండా వెళ్ళి మందుల రసాయనాలు తయారయ్యే రియాక్టర్ దగ్గర నిలబడితే ఏం జరుగుతుందోనని ఇంట్లోవాళ్ళకు రోజూ టెన్షనే. చల్లటి దేశాల్లో కిటికీలకు రెండు పొరల అద్దాలు వేయించుకుంటారట. ఇక్కడ సముద్రపు ఉక్కపోతకు తలుపులు తీసుకుని, అరుగు మీద మంచం వేసుకుని పడుకునేవాళ్ళం. ఏ తలుపు మూసుకోమంటారు?

ఇంకోటి. హైవే పొడవునా 'ఎయిర్‌పోర్టుకు ఐదు నిమిషాలు' అని బోర్డులు. పొలాల్లో రంగు రాళ్ళు పాతి లేఅవుట్లు వేస్తున్నారు. నాతో పనిచేసే కుర్రాడు పెళ్ళికి ముందే అప్పు చేసి 150 గజాలు కొన్నాడు. దాని నెత్తి మీదుగా విమానాలు దిగుతాయో లేదో అమ్మినవాడు చెప్పలేదు, అనుమతులిచ్చినవాళ్ళూ చెప్పలేదు. విమానాశ్రయాల దగ్గర కట్టడాల ఎత్తు కోసం రంగుల జోనింగ్ మ్యాపులు ఉంటాయి. ఎన్ని అంతస్తులు వేయాలో చూసేది విమానం క్షేమం కోసం, మంచిదే. మనిషి నిద్ర కోసం కూడా అలాంటి మ్యాప్ ఉండాలి. ఏ గీత లోపల ఇళ్ళు, బడులు, ఆసుపత్రులు కట్టకూడదో, ఎక్కడ గోదాములు వేసుకోవచ్చో ఇప్పుడే తేల్చాలి. ఇళ్ళన్నీ లేచాక తేల్చితే ఎవరికీ ఉపయోగం లేదు. ఢిల్లీ విమానాశ్రయం పక్క కాలనీలవాళ్ళు ఈ మోత మీద పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. మాకు అంత స్తోమత లేదు.

పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలని పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషనే చెబుతోంది. విమానాల దారికి సంబంధించిన కాగితమూ అలాగే తెలుగులో రావాలి. సర్వీసులు మొదలయ్యేలోగా భోగాపురం, పూసపాటిరేగ, డెంకాడ మండలాల్లో ప్రతి పంచాయతీ ఆఫీసు గోడకూ ఊళ్ళ పేర్లతో ఆ మ్యాప్ అంటించాలి. పునరావాస కాలనీల్లో తప్పకుండా మోత కొలిచే యంత్రాలు పెట్టి, నెలనెలా అంకెలు ఊరికి చెప్పాలి. ఫిర్యాదు చేయడానికి తెలుగులో మాట్లాడే మనిషి ఎత్తే ఫోన్ నంబరు ఒకటి ఇవ్వాలి.

పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం బిడ్డే. ఈ గాలి ఎటు వీస్తుందో, ఈ ఉక్కపోతలో జనం ఎక్కడ పడుకుంటారో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. దయచేసి ఈ ఉత్తరం ఆయన కంటపడేలా వేయండి. మీ విలేకరి ఈసారి టెర్మినల్ ఫొటో తీయడానికి వచ్చినప్పుడు మా ఊరి వైపు కూడా ఒకసారి రమ్మనండి. పొద్దున్న తొమ్మిదికి ముందు వస్తే నేను మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
భోగాపురం మండలం, విజయనగరం జిల్లా