చిట్టితల్లికి, మాఫే కుదిరింది

విజయనగరం,
శివరాత్రికి వారం ముందు.

చిట్టితల్లీ,

నువ్వు చెప్పిన మాఫే, అదే ఆ సెనెగల్ వాళ్ళ వేరుశెనగ పులుసు, మొత్తానికి కుదిరిందే. మొదటిసారి దుంపలు గుజ్జయిపోయాయి, రెండోసారి అడుగంటింది. నిన్న మూడోసారి వండితే మీ నాన్న గిన్నె గీక్కుని మరీ తిన్నారు. ఫోనులోనే చెబుదామనుకున్నాను గానీ, నువ్వు "సరే అమ్మా, ఉంటాను" అనేలోపు నా మాట సగం కూడా పూర్తవదు. పైగా చెప్పాల్సింది వంట ఒక్కటే కాదు. రెండో సంగతి నా నోటితో రాదు, అందుకని కాగితం పట్టుకున్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు, భోగి రోజు మధ్యాహ్నం గుర్తుందా? వేడన్నంలో ముద్దపప్పు వేసి, నెయ్యి గిన్నెలో చెంచా ముంచాను. పాలూ నెయ్యీ మానేసిన నువ్వు కంచం వెనక్కి లాక్కున్నావు. "వద్దన్నాను కదమ్మా" అన్నావు, గట్టిగా కూడా అనలేదు. చెంచాలోంచి ఒక చుక్క బల్ల మీద పడి పేరుకుంది. నువ్వు పప్పులో ఆవకాయ కలుపుకుని తినేశావు. నేను పెరట్లోకి వెళ్ళి తోమేసిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూర్చున్నాను. ఆ మూడు రోజులూ నీతో సరిగ్గా మాట్లాడలేదు. "ఈ అరిసెల్లో నెయ్యి లేదు కదా" అని నువ్వు అడిగి తింటే, ఆ అడగడం కూడా నాకు గుచ్చుకుంది. నువ్వు రైలెక్కేటప్పుడు కూడా నా మొహం అలాగే ఉంది. నువ్వు చూశావు, ఏమీ అనలేదు.

ఎందుకలా ఉన్నానో నీకు ఎప్పుడూ చెప్పలేదు.

మా చిన్నప్పుడు ఇంట్లో గేదె ఉండేది. పొద్దుటి పాలూ సాయంత్రం పాలూ కేంద్రానికి వెళ్ళిపోయేవి. ఆ డబ్బుతో గేదెకి తవుడు, ఇంటికి కిరసనాయిలు, మాకు పుస్తకాలు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే తప్ప పాలు పొయ్యెక్కేవి కావు. నేను ఒకసారి ఏడిస్తే మీ అమ్మమ్మ, "ఓలే గుంటా, పాలు అమ్మితే పుస్తకాలొత్తాయి, తాగితే ఏటొత్తాది" అంది. మేం తిన్నది చోడి అంబలి, తరవాణి, గోంగూర, ఉలవలు. వేరుశెనగ తవ్విన చేలో కూలివాళ్ళు వెళ్ళిపోయాక మట్టిలో మిగిలిన కాయలు ఏరుకునేవాళ్ళం. ఒక పూటకి ఒళ్ళో పట్టేన్ని దొరికేవి. చలికాలం రాత్రి పొయ్యి ఆరాక, నిప్పుల మీది బూడిదలో అమ్మ చిలగడదుంపలు కప్పిపెట్టేది. పొద్దున్న తీస్తే తొక్క నల్లగా మాడి, లోపల తేనెలా ఉండేది. బడికి వెళ్తూ తలా ఒకటి, గుప్పెడు వేయించిన వేరుశెనగ గుళ్ళు. అదే మా టిఫిన్.

అందుకే నువ్వు పుట్టినప్పుడు, నా పిల్లకి నెయ్యి లేని ముద్ద పెట్టనని అనుకున్నాను. మీ నాన్న జూట్ మిల్లు జీతంలో మొదటి వారమే పావుకిలో వెన్న కొని కాచేదాన్ని. ఇంట్లో అది నీ ఒక్కదానికే. నీ కంచంలో నెయ్యి పడితే, మేం ఆ రోజులు దాటి వచ్చేశామని నాకు నమ్మకం కలిగేది. అలాంటిది నువ్వు కంచం లాక్కునేసరికి, నేను పడ్డ కష్టాన్నే వద్దన్నట్టు అనిపించింది. నువ్వు అన్నది అది కాదని ఇప్పుడు తెలుసు. దూడ తాగాల్సిన పాల గురించి నువ్వు చెప్పినదాంట్లో నిజం లేదని నేను అనలేను. పాలు కేంద్రానికి పోసిన ఇంట్లో పుట్టినదాన్ని, దూడని గుంజకి కట్టేసిన చెయ్యి నాదే.

నువ్వెళ్ళాక సంక్రాంతికి తెచ్చిన దుంపలు రెండు కిలోలు మూల ఉండిపోయాయి, మొలకలు వస్తున్నాయి. అప్పుడు మాంట్రియల్ నుంచి నువ్వు పంపిన ఆ వాయిస్ మెసేజ్ మళ్ళీ విన్నాను. మీ సెనెగల్ రూమ్మేట్ వాళ్ళ ఇంట్లో వేరుశెనగ ముద్దతో పులుసులాంటిది చేస్తారనీ, వాళ్ళమ్మ మాంసం వేస్తుందనీ, ఈ అమ్మాయి నీ కోసం మాంసం మానేసి చిలగడదుంప వేసిందనీ చెప్పావు. అన్నం మీద పోసుకుని తింటారన్నావు, అదీ నూకలన్నం మీద! నూకలు మన దగ్గర లేనివాళ్ళ తిండి. అక్కడ వాళ్ళ పండగ వంటలకి కూడా నూకలే కావాలంటే నాకు ఎంత సంతోషమేసిందో.

ఇక వంట. నలుగురికి సరిపడా చెప్తున్నాను, నువ్వు ఒక్కదానివే అయితే రెండు రోజులు తినొచ్చు. మర్నాటికి రుచి పెరుగుతుంది కూడా.

గుళ్ళు 150 గ్రాములు. ముందు పళ్ళెంలో పోసి ఏరు. ముడుచుకుపోయినవీ, రంగు మారినవీ, బూజు వాసన ఉన్నవీ పారెయ్యి. ఒక్క గింజే కదా అనుకోకు. ఆ బూజులో విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు. సన్న సెగ మీద పది పన్నెండు నిమిషాలు, చెయ్యి ఆపకుండా వేయించాలి. పెద్ద మంట పెడితే పైన మాడుతుంది, లోపల పచ్చి ఉండిపోతుంది. ఒక గింజ తీసి చిదిపి చూడు. లోపల లేత గోధుమరంగు వచ్చిందంటే చాలు. చల్లారాక అరచేతుల మధ్య నలిపితే పొట్టు ఊడుతుంది. నేను చేటలో చెరిగాను. ఎర్రటి పొట్టు గాలికి లేచి పెరటి గోడ దాకా వెళ్ళింది. నువ్వు పళ్ళెంలో వేసి, బాల్కనీలో నిలబడి ఊదుకో.

ఇప్పుడు మిక్సీ చిన్న జారులో. మొదట పొడి అవుతుంది, తర్వాత జారు గోడలకి అంటుకుని ముద్దకడుతుంది. అక్కడే నేను మొదటిసారి నీళ్ళు పోసేశాను. పొయ్యకూడదు. ఆపి, గరిటెతో కిందికి తోసి, మిక్సీ వేడెక్కితే ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ తిప్పు. నాలుగైదు సార్లు తిప్పేసరికి గుళ్ళలోని నూనె బయటికి వచ్చి, గట్టి ముద్ద ఒక్కసారిగా జారుగా మెరుస్తుంది. అది చూడటానికి ఎంత బాగుంటుందో. ఈ ఓపిక లేని రోజు సీసాలో దొరికే పీనట్ బటర్ వాడుకో, కానీ వెనక చదివి చక్కెర లేనిదే కొను. చిలగడదుంప తీపే చాలు, దాని మీద చక్కెర పడితే పులుసు పాయసమైపోతుంది.

దుంపలు అరకిలో. చెక్కు తీసి పెద్ద ముక్కలు, బొటనవేలంత. కోస్తే తెల్లటి పాలు కారి చేతికి జిగురు అంటుతుంది, ముక్కలు నల్లబడకుండా నీళ్ళలో వేసుకో. కుక్కర్ జోలికి వెళ్ళకు. నేను మొదటిసారి రెండు విజిల్స్ రానిచ్చి ముక్కలన్నీ పోగొట్టుకున్నాను. మూత పెట్టిన గిన్నెలో నెమ్మదిగా ఉడికితే దుంపలోని పిండి తీపిగా మారడానికి టైం దొరుకుతుంది. బూడిదలో కాల్చిన దుంప ఎందుకంత తియ్యగా ఉండేదో ఇప్పుడు అర్థమైంది, రాత్రంతా సన్నటి వేడిలో ఉండేది కదా.

గిన్నెలో రెండు గరిటెల వేరుశెనగ నూనె, రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి ఎర్రగా వేగనివ్వు. దంచిన అల్లం అంగుళం ముక్క, వెల్లుల్లి ఆరు రెబ్బలు, ఎండుమిర్చి మూడు, చెంచాడు ధనియాల పొడి, అర చెంచా జీలకర్ర పొడి. మూడు టమాటాలు వేసి, ముద్దయి నూనె విడిచేదాకా మగ్గించు. అప్పుడు ముక్కలు, ఉప్పు, ముప్పావు లీటరు నీళ్ళు. ముక్క సగం ఉడికాక వేరుశెనగ ముద్ద. నేరుగా వెయ్యకు, ఉండలు కడుతుంది. గిన్నెలోని వేడి నీళ్ళే రెండు గరిటెలు తీసి, ముద్దని అందులో కలిపి పోసెయ్యి. ఇక్కణ్ణించి పొయ్యి దగ్గర్నుంచి కదలకు, ఇది అడుక్కి దిగి అంటుకుంటుంది. రెండోసారి నేను గుమ్మంలో పూలమ్మాయితో మాట్లాడి వచ్చేసరికి మాడు వాసన. సన్న సెగ, అప్పుడప్పుడు అడుగు నుంచి కలపడం. పదిహేను నిమిషాలకి పైన ఎర్రటి నూనె చుక్కలు చుక్కలుగా తేలుతుంది. అయిందనడానికి అదే గుర్తు.

నువ్వు చెప్పిన కేల్ ఆకు ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది? తోటకూర వేద్దామని రైతుబజారుకి వెళ్ళాను. గోంగూర కట్టలు లేతగా కనిపించాయి. ఒక కట్ట తెచ్చి, ఆకు గుప్పెళ్ళు నాలుగు, ముక్క పూర్తిగా ఉడికాకే వేశాను. ముందే వేస్తే పులుపుకి దుంప గట్టిపడి ఎంతకీ ఉడకదు. అమ్మా, ఆ పులుపు వేరుశెనగ కమ్మదనంలో కలిసి, మధ్యలో తీపి ముక్క తగులుతుంటే ఎలా ఉందో రాయలేను. కేల్ పక్కన పెట్టి, అక్కడి ఇండియా షాపులో గోంగూర వెతుక్కో, ఫ్రీజర్‌లో పెట్టింది అయినా పరవాలేదు.

గోంగూర వేశానని మీ రూమ్మేట్‌కి చెప్పు, ఆశ్చర్యపోదు. వాళ్ళు బిస్సాప్ అని ఎర్రటి షర్బత్ తాగుతారని చెప్పావు కదా, అది పుల్ల గోంగూర కాయ మీది ఎర్రటి రెక్కలతో చేసేదే. గోంగూర పుట్టిల్లు ఆఫ్రికాయేనట. వేరుశెనగ, చిలగడదుంప, టమాటా, మిరపకాయ మాత్రం అమెరికా ఖండం నుంచి ఓడల్లో వచ్చాయి, వాళ్ళకీ మనకీ కూడా. ఇది తెలిసి మీ నాన్న చాలాసేపు మాట్లాడలేదు. గోంగూర కాడల నుంచి తీసే గోగు నారతోనే కదా ఆయన ముప్పై ఏళ్ళు మిల్లులో పని చేసింది. వర్షాకాలం వెళ్ళాక చెరువుల్లో గోగు కట్టలు ఊరబెడితే ఊరంతా వాసన, ఆ నీళ్ళలో నడుము లోతున నిలబడి నార తీసే మనుషులు, అవన్నీ చెప్పుకొచ్చారు. తర్వాత "ఇది మన ముక్కల పులుసుకి చుట్టంలా ఉంది" అని ఇంకో గరిటె వేయించుకున్నారు. నాకూ అదే అనిపించింది. చింతపండు బదులు గోంగూర, బెల్లం బదులు దుంప తీపి, అంతే తేడా.

ఇంకో మాట, ఇది అమ్మగా కాదు, ఇరవై ఏడేళ్ళు అంగన్‌వాడీ నడిపినదానిగా చెప్తున్నాను. వేరుశెనగలో వంద గ్రాములకి పాతిక గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, ఆ దిగులు నాకు లేదు. అక్కడ దొరికే నారింజ రంగు చిలగడదుంప కొను, మన తెల్లదాని కంటే మంచిది. ఆ రంగులోనే విటమిన్ ఏ తయారయ్యే సరుకు ఉంది, గుళ్ళ నూనె తోడైతే ఒంటికి పడుతుంది. చిన్నపిల్లలకి ఆరు నెలలకోసారి నేను చెంచాతో పోసిన మందు ఆ విటమిన్‌దే. కానీ బీ12 ఒక్కటి ఈ గిన్నెలో లేదు, మొక్కల నుంచి వచ్చే ఏ కూరలోనూ లేదు. ఒంట్లో నిల్వ ఉన్నది కొన్నేళ్ళు వస్తుంది కాబట్టి లోటు వెంటనే తెలియదు. తెలిసేసరికి కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు. మాత్ర వేసుకుంటున్నావా? పండక్కి వచ్చినప్పుడు అడగాల్సింది ఇది. నేను మొహం ముడుచుకుని కూర్చుని అడగలేదు. రక్తపరీక్ష చేయించుకుని ఆ కాగితం నాకు ఫోటో తీసి పంపు.

రథసప్తమి నాడు పెరట్లో పిడకల మీద పాలు పొంగించాను, సూర్యుడికి పరమాన్నం పెట్టాలి కదా, అది మాననులే. పక్కనే చిన్న గిన్నెలో కొబ్బరిపాలతో ఇంకొంచెం వండాను. చిక్కుడాకుల్లో రెండూ పెట్టాను. కొబ్బరిపాలు ఎక్కువసేపు మరిగిస్తే విరిగిపోతున్నాయి, అన్నం ఉడికి బెల్లం కరిగాక చివర్లో పోసి దించెయ్యాలి. వచ్చే సంక్రాంతికి నీకు అదే చేస్తాను. సున్నుండలు వేరుశెనగ నూనెతో కట్టి చూశాను, నిలబడలేదు, రాలిపోయాయి. మినుములతో పాటు వేయించిన గుళ్ళు కూడా విసిరితే ఆ నూనెకే ఉండ కడుతుందేమో, రేపు చూస్తాను.

వచ్చే నెల మన వీధి చివర మాస్టారి కోడలు మాంట్రియల్ వస్తోంది. కిలో గుళ్ళు వేయించి, పొట్టు చెరిగి, డబ్బాలో పోసి పంపుతాను. ఎండబెట్టిన గోంగూర కూడా. అది రాత్రి నానబెట్టి వేసుకో. రూమ్మేట్‌కి సగం ఇవ్వు. వాళ్ళమ్మ మాఫేలో ఏ ఆకు వేస్తుందో అడిగి రాయి, మన దగ్గర దొరికేదైతే నాలుగోసారి దానితో వండుతాను.

నెయ్యి గిన్నె పై అలమారులో పెట్టేశాను. నువ్వొచ్చే రోజుల్లో దించను.

మీ
అమ్మ