మెసేజ్ వస్తుంది, మనిషి రాడు

సంపాదకులకు,

మాది నల్లకుంట. డ్రైనేజీ కోసం గల్లీ తవ్వి కేబుల్ తెంపారు. మా ల్యాండ్‌లైన్ మూగబోయి 18 రోజులైంది. ఫిర్యాదు చేస్తే మెసేజ్ వస్తుంది, మనిషి రాడు. మొన్న ‘మీ సమస్య పరిష్కరించాం’ అని కూడా వచ్చింది!

ఒకప్పుడు మా లైన్‌మన్ సైకిల్‌కి తీగచుట్ట తగిలించుకుని వచ్చేవాడు. స్తంభం మీంచే ‘అమ్మా, హలో అనండి’ అని కేకేసేవాడు. దసరా మామూలు అడిగేవాడు లెండి, అయినా ఎవరి తీగ ఎక్కడ కలుస్తుందో అతనికి కంఠతా వచ్చు.

ఫోన్ బాగుచేయడం మూడు రోజులు దాటితే లైన్ అద్దె తగ్గించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లోనే నిబంధన పెట్టింది. మాకు బిల్లు పూర్తిగానే వచ్చింది. అద్దె సంగతి అలా ఉంచండి, కాకినాడలో మా ఆడపడుచుకు 82 ఏళ్లు. ఆవిడకు గుర్తున్నది ఈ నంబరొక్కటే. తెగినచోట ఎర్ర ప్లాస్టిక్ కవరు చుట్టి వదిలేశారు. నిన్నటి నుంచి వాన.

– ఒక పాత చందాదారు, నల్లకుంట, హైదరాబాద్