మన ఫుట్‌బాల్ అభిమానుల సంఘం వార్షిక నివేదిక – 2025

గౌరవాధ్యక్షులకు, కార్యవర్గానికి, పర్లాకిమిడి నుంచీ ఏటికి ఆవల పాతపట్నం నుంచీ వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో పాతవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఈ ఏడాది చేరిన కుర్రాళ్ళ కోసం రెండు ముక్కలు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లీగ్ మ్యాచ్ చూడబోయిన 16 మంది అభిమానులు తిరిగి ఇంటికి రాలేదు. మోహన్ బగాన్ ఆటగాడు బిదేశ్ బోస్, ఈస్ట్ బెంగాల్ ఆటగాడు దిలీప్ పాలిత్ మైదానంలో గొడవపడ్డారు, రిఫరీ ఇద్దరినీ బయటికి పంపాడు. ఆ కోపం గ్యాలరీకి పాకింది. రెండు జట్ల అభిమానులూ అక్కడ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. కొట్లాట, ఆ వెంటనే తొక్కిసలాట. అప్పటి నుంచి బెంగాల్లో ఆ తేదీని ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా జరుపుకుంటూ రక్తం ఇస్తున్నారు. మనం చేస్తున్నదీ అదే.

ఈ ఏడాది శిబిరం గురించి కాస్త వివరంగా రాయాలి. ఆ దుర్ఘటనకి 45 ఏళ్ళు నిండిన సందర్భం. ఆగస్టు 16 శనివారం అయింది, కృష్ణాష్టమి కూడా అదే రోజు పడింది. ఉపవాసం ఉన్నవాళ్ళు ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వకూడదు. పొద్దున్నుంచీ ముసురు. తొమ్మిదిన్నరకి టెంటు కింద డాక్టరు గారు, ఇద్దరు సిస్టర్లు, నేను, కోశాధికారి గారు, అంతే.

అప్పుడు మన గౌరవాధ్యక్షులు మైకు అడిగారు. ఆయన కలకత్తా దగ్గర టిటాగఢ్‌లో జూట్ మిల్లు పని చేసిన రోజుల్లో ఆ మ్యాచ్‌కి వెళ్ళారని మనకందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోయేవారు. ఆ రోజు చెప్పారు: “మెట్ల మీద నా ముందు ఒకడు పడ్డాడు. వంగితే నన్నూ తొక్కేస్తారు. నేను వంగలేదు.” అంతకంటే ఒక్క మాట లేదు. అరవై అయిదు దాటాయి గనక ఇప్పుడు ఆయన రక్తం తీసుకోరు. అందుకని మంచాల పక్కన కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి కుర్రాడి చెయ్యీ పట్టుకుని కూర్చున్నారు. విన్నవాళ్ళు ఇళ్ళకి ఫోన్లు చేశారు. మధ్యాహ్నానికి టెంటు నిండింది. 41 యూనిట్లు వచ్చాయి. నా కార్యదర్శి పదవిలో నేను మరువలేని రోజది.

హిమోగ్లోబిన్ 12.5 లేదని వెనక్కి పంపిన ఆడపిల్లలు చిన్నబుచ్చుకోవద్దు. అందులో నలుగురు తిండి, మాత్రలు సరిచూసుకుని డిసెంబరులో వచ్చి ఇచ్చారు. వాళ్ళకి ప్రత్యేక అభినందనలు. ఉప్మా చేసిపెట్టిన అమ్మలకి, బాడుగ తీసుకోని టెంటు హౌసు యజమానికి, వానలో ఆటో నడిపిన తమ్ముళ్ళకి, సిస్టర్లకి సంఘం రుణపడి ఉంది. పేరు తప్పిపోయినవాళ్ళు మన్నించాలి.

రక్తం నిలవుండేది అయిదారు వారాలే. కొండ పల్లెల్లో రక్తానికి సంబంధించిన జబ్బు సికిల్ సెల్‌తో బాధపడే పిల్లలకి ఆగస్టులోనే కాదు, ఏడాది పొడుగునా కావాలి. అందుకే ఫోను జాబితా పెట్టాం. రాత్రి పూట పిలిస్తే వచ్చేది ఆ ఏడెనిమిది మందే. మిగతా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. మగవాళ్ళు మూడు నెలలకి, ఆడవాళ్ళు నాలుగు నెలలకి ఒకసారి గాని ఇవ్వకూడదు. ఉన్న ఏడెనిమిది మందినే ఎన్నిసార్లు పిలవమంటారు?

ఇంకొక బాధ. టోర్నమెంటు ఫైనల్ నాడు గ్రౌండుకి రెండో గేటు తీయించమని మూడు అర్జీలు ఇచ్చాం. తీస్తామన్నారు. ఆట మొదలైనా తాళం చెవి ఉన్న మనిషి రాలేదు. జనం అంతా ఒకే గేటులోంచి లోపలికీ బయటికీ తోసుకున్నారు. వాలంటీర్లుగా పేరిచ్చిన ఇరవై మందిలో వచ్చింది ఆరుగురు. తాడు కట్టి, చేతులు గొలుసు చేసుకుని వాళ్ళే ఆపారు. 2022లో ఇండోనేషియా కంజురుహాన్‌లో బాష్పవాయువుకి పరుగెత్తిన జనం గేట్ల దగ్గరే నలిగి 135 మంది పోయారు. 1989లో ఇంగ్లండు హిల్స్‌బరోలో ఇరుకు గ్యాలరీలోకి జనాన్ని వదిలిన పాపానికి 97 మంది పోయారు. ఇవి చదివి కూడా తాళం తీయకపోతే ఎవరికి చెప్పుకోవాలి? ఈసారి తాళం చెవి ముందురోజే మన చేతికి ఇస్తేనే వాలంటీర్లను పంపుతామని తీర్మానం పెడుతున్నాను, సభ ఆమోదించాలి.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. రశీదులన్నీ ఫైల్లో ఉన్నాయి. చందా బాకీలు దయచేసి ఈ రోజే కట్టండి.

2026 ఆగస్టు 16 ఆదివారం. సెలవని ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు ఒకరోజు ఆగండి. వాలంటీరు పేర్లకి రిజిస్టరు గుమ్మం పక్క బల్ల మీద ఉంది. రాసినవాళ్ళు రావాలి, రాలేనివాళ్ళు రాయొద్దు.

– కార్యదర్శి