ఒక్క అక్షరం దగ్గర ఆగి చూడు బిడ్డా

దేవరకొండ

బిడ్డా,

నర్సింగ్ పుస్తకాల్లో మాటలన్నీ ఒక్కలాగే కనబడుతున్నాయని మొన్న ఫోన్‌లో ఏడ్చినంత పని చేశావు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదానివి, మొదట్లో ఈ టెన్షన్ ఉంటుంది. స్పెల్లింగులు ఫోన్‌లో చెబితే చెవికి దొరకవు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

మనం కల, కళ దాదాపు ఒక్కలాగే పలుకుతాం. అయినా రాసేటప్పుడు నువ్వు తడబడవు, వాటి అర్థాలు నీకు ముందే తెలుసు కాబట్టి. ఇంగ్లీషు మాటలను మాత్రం అర్థం తెలియకముందే బట్టీ పడుతున్నావు. ముందు మాటలో ఏ ముక్క ఏం చెబుతుందో పట్టుకో, స్పెల్లింగు దాని వెంటే వస్తుంది.

డిస్ఫేజియా, డిస్ఫేసియా తీసుకో. మధ్యలో జి ఉంటే మింగలేకపోవడం, ఎస్ ఉంటే మాట సరిగ్గా రాకపోవడం. మొదటిదానిలో తినడం అనే గ్రీకు మాట ఉంది. మ్యాక్రోఫేజ్ అని క్రిములను మింగే కణం గురించి చదివే ఉంటావు, అందులోనూ అదే ముక్క. రెండోదానిలో ఉన్నది పలకడం. పక్షవాతం వచ్చిన మనిషికి ఈ రెండిట్లో ఏదైనా రావచ్చు, రెండూ రావచ్చు. కేస్ షీట్‌లో జి ఉన్న మాటను ఎస్ అనుకుని, పడిపోయింది మాటే కదా అని గ్లాసు నోటికి అందించావనుకో, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా తేవచ్చు. ఈ జంట నీకు నిద్రలో లేపి అడిగినా రావాలి.

హైపో అంటే కింద, హైపర్ అంటే పైన. హైపోటెన్షన్ బీపీ పడిపోవడం, హైపర్‌టెన్షన్ బీపీ పెరగడం. షుగర్ మాటలకూ ఇదే లెక్క. రాత్రి డ్యూటీలో డాక్టరుకు ఫోన్ చేస్తే ఈ రెండూ ఒక్కలాగే వినబడతాయి. అందుకని ఉత్త పేరు చెప్పకు, బీపీ ఎంతుందో అంకె కూడా చెప్పు.

ఇలియం రెండున్నాయి. నడుమ ఇ ఉన్నది చిన్నపేగు చివరి భాగం, ఐ ఉన్నది తుంటి ఎముక పైభాగం. ఈటింగ్‌కు ఇ, హిప్‌లో ఐ అని గుర్తుపెట్టుకో.

మందుల దగ్గర నాకు భయం ఎక్కువ. హైడ్రాక్సిజిన్ దురదకు ఇచ్చేది, హైడ్రలజిన్ బీపీ తగ్గించేది. రెండూ మొదలయ్యేది ఒక్కలాగే, ముగిసేది ఒక్కలాగే. ఇటువంటి పేర్లలో వేరుగా ఉన్న అక్షరాలను మాత్రం పెద్దక్షరాల్లో రాసే పద్ధతి చాలా ఆస్పత్రుల్లో ఉంది. నువ్వూ నోట్‌బుక్‌లో అట్లే రాసుకో. మన మందుల షాపులో చీటీ మీద పేరు స్పష్టంగా లేకపోతే దేనికి రాశారని అడిగి, డాక్టరుకు ఫోన్ చేశాకే మందు ఇస్తాను. జనం విసుక్కున్నా సరే.

మన నల్లగొండ జిల్లా మాట ఒకటి ఉంది. ఊర్లల్లో ఫ్లోరిన్ నీళ్లు అంటారు. ఫ్లోరిన్ అసలు లేత పసుపు విషవాయువు. నీళ్లలో కరిగి ఉండేది ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంకరపోతాయి. మర్రిగూడ వైపు అట్లాంటి వాళ్లను చిన్నప్పటి నుంచి చూశావు. పటిక, సున్నం వేసి ఆ నీళ్లను బాగుచేసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో తయారుచేసింది, దాని పేరే నల్లగొండ టెక్నిక్. నీ పుస్తకంలో అది వస్తుంది. అప్పుడు ఫ్లోరైడ్ స్పెల్లింగులో ఎల్ తర్వాత యు, ఆ తర్వాత ఓ రాయాలి. తిప్పి రాస్తే మొదటి సగం ఇంగ్లీషులో పిండి అనే మాట అయి కూర్చుంటుంది. మన జిల్లా పిల్లవి, ఈ ఒక్క మాట తప్పు రాయకూడదని నా పట్టుదల.

ప్రిన్సిపాల్‌కు లీవ్ లెటర్ రాసేటప్పుడు చివర ఏ-ఎల్. ఎల్-ఇ రాస్తే సూత్రం అని అర్థం.

దసరాకు వచ్చేటప్పుడు నోట్‌బుక్ తెచ్చుకో. షాపులో ఒక్కలాంటి పేర్లున్న మందులన్నీ రాసిపెడుతున్నాను, కూర్చుని కలిపి చూద్దాం. అమ్మ సకినాలు పంపుతోంది, రూమ్‌లో అందరికీ పెట్టు.

మీ నాయిన